రోడ్డెక్కిన ట్రాక్ సైకిల్

వాలుగా కట్టిన వెలోడ్రోమ్ బరిలో పందేల కోసం తయారయ్యే సైకిల్‌ను ట్రాక్ సైకిల్ అంటారు. దీనికి బ్రేకులు, మార్చుకునే గేర్లు, ఫ్రీవీల్ ఉండవు. మామూలు సైకిల్ మీద పల్లం దిగుతూ తొక్కడం ఆపేస్తే వెనక చక్రం టకటకమంటూ తనంతట తాను తిరుగుతుంది. అది ఫ్రీవీల్ చలవ. ట్రాక్ సైకిల్‌కు ఆ వెసులుబాటు లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాల్సిందే. అమెరికాలో పాత ట్రాక్ ఫ్రేములను బాగుచేసి వీధుల్లో తొక్కేవారు ఎందరో ఉన్నారు.

పుట్టుక

న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 1891లో ఆరు రోజుల సైకిల్ పందేలు మొదలయ్యాయి. తొలినాళ్లలో ఒక్కో పోటీదారు నిద్ర మానుకుని ఒంటరిగా రాత్రింబవళ్లు తొక్కేవాడు. ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదని రాష్ట్రం చట్టం తేవడంతో నిర్వాహకులు ఇద్దరేసి జట్లను దింపారు. ఆ జంట పందేన్ని నేటికీ ‘మాడిసన్’ అనే పిలుస్తారు.

నల్లజాతి వీరుడు మేజర్ టేలర్ 1899లో మాంట్రియల్‌లో ఒక మైలు స్ప్రింట్ ప్రపంచ విజేత అయ్యాడు. మరో సైక్లిస్టు ఫ్రాంక్ క్రేమర్ 1901 నుంచి 1916 వరకు వరుసగా 16 ఏళ్లు అమెరికా జాతీయ ప్రొఫెషనల్ స్ప్రింట్ టైటిల్‌ను నిలబెట్టుకున్నాడు. షికాగోకు చెందిన ష్విన్ సంస్థ 1938లో ‘పారామౌంట్’ సైకిళ్లను తెచ్చింది. వాటిలోని ట్రాక్ నమూనాలకు పాత సైకిళ్లు సేకరించేవారిలో నేటికీ గిరాకీ ఉంది.

వీధుల్లోకి

ఈ సైకిల్‌ను నగర వీధులకు అలవాటు చేసినవారిలో ముఖ్యులు న్యూయార్క్ మెసెంజర్లు. ఆఫీసుల మధ్య కాగితాలు చేరవేసే ఆ కుర్రాళ్లకు చెడిపోయే భాగాలు తక్కువగా ఉన్న బండి కావాలి. వారిలో ఒకడైన నెల్సన్ వెయిల్స్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ స్ప్రింట్‌లో రజతం గెలిచాడు. 2000 తర్వాత ఈ మోజు పెద్ద నగరాలన్నిటికీ పాకింది. జపాన్‌లో 1948లో మొదలైన కైరిన్ అనే ట్రాక్ పందేల్లో వాడి వదిలేసిన, ఆ పందేలకు ఆమోదాన్ని తెలిపే ‘ఎన్‌జేఎస్’ ముద్ర ఉన్న ఫ్రేములు కూడా అమెరికాకు వచ్చాయి.

కూర్పు

పాత ఫ్రేమును ఎంచుకున్నాక మొదట చూడాల్సింది వెనక హబ్. అసలైన ట్రాక్ హబ్‌కు రెండు మరలుంటాయి. పళ్లచక్రం కుడివైపు తిప్పితే బిగుస్తుంది, దాని మీద కూర్చునే లాక్‌రింగ్ ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. వేగం తగ్గించడానికి కాళ్లతో పెడళ్లను వెనక్కి అదిమినప్పుడు పళ్లచక్రం ఊడబోతుంది. ఆ కదలికకే లాక్‌రింగ్ మరింత బిగుసుకుని దాన్ని ఆపుతుంది. ఫ్రీవీల్ కోసం చేసిన పాత హబ్‌కు ఈ రెండో మర ఉండదు. అందుకే దాని మీద పళ్లచక్రం బిగించి వీధిలో తొక్కడం ప్రమాదం.

తర్వాతిది పళ్ల లెక్క. ముందు 48, వెనక 15 పళ్లుంటే పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ సుమారు 6.7 మీటర్లు సాగుతుంది. బరిలో అది బాగుంటుంది కానీ సిగ్నళ్ల దగ్గర ఆగి బయల్దేరాలంటే మోకాళ్లు నొప్పెడతాయి. 46, 17 పెడితే సుమారు 5.7 మీటర్లకు తగ్గుతుంది. 48, 16 పెడితే పెడల్ ఒక చుట్టుకు చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఒకే కాలు ముందుంచి చక్రాన్ని బిగబట్టి జార్చిన ప్రతిసారీ టైరు ఒక్క చోటే అరుగుతుంది. 46, 17 లెక్కలో ఆ అరుగుదల 17 చోట్లకు పంచుకుంటుంది.

చట్టం

అమెరికా కేంద్ర భద్రతా నిబంధనలు ట్రాక్ సైకిళ్లను మినహాయించాయి. అయితే ఆ మినహాయింపు వెలోడ్రోమ్ పోటీల కోసం అమ్మేవాటికే. రోడ్డు మీద రాష్ట్రాల చట్టం వర్తిస్తుంది. పొడిగా, చదునుగా ఉన్న రోడ్డు మీద చక్రాన్ని జార్చగల బ్రేకు ఉండాలని 2006 నాటి ఒరెగాన్ చట్టం చెప్పేది. సైక్లిస్టు కాళ్లు ఆ బ్రేకు కిందికి రావని ఆ ఏడాది పోర్ట్‌లాండ్ కోర్టు తేల్చింది.

పాత ట్రాక్ ఫోర్కులకు సాధారణంగా బ్రేకు కోసం రంధ్రం ఉండదు. అలాగని దశాబ్దాల నాటి పనితనానికి డ్రిల్లు పెట్టనక్కర్లేదు. ఫోర్కుకు పైనుంచి బిగించే బ్రేకు పట్టీలు దొరుకుతాయి. లేదా అసలు ఫోర్కును భద్రంగా దాచి, రంధ్రమున్న వేరే ఫోర్కు వేసుకోవచ్చు. పాత ఫ్రేమును వీధికి తెచ్చేవారు ముందు చక్రానికి ఒక్క బ్రేకైనా బిగించాకే బయల్దేరాలి.