దుబాయ్ దగ్గరే, శంషాబాదే దూరం

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గాన సుమారు 2,500 కిలోమీటర్లు. విమానం నాలుగు గంటల్లో దించేస్తుంది. జగిత్యాల జిల్లా మల్లాపూర్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి అందులో పదో వంతు, రమారమి 250 కిలోమీటర్లు; రోడ్డు మీద ఐదారు గంటలు. విమానాల వల్లే గల్ఫ్ దగ్గరయిందని అందరూ అంటారు గానీ, జెట్ విమానాల వేగం 1970ల నుంచి పెద్దగా పెరిగిందేమీ లేదు. ఈ యాభై ఏళ్లలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు తగ్గిందంతా నేల మీది దూరమే. అది కూడా వంకరటింకరగా తగ్గింది.

మొదటితరం గల్ఫ్ వలస కార్మికులకు విమానం బొంబాయిలోనే దొరికేది. అక్కడికి చేరాలంటే బస్సెక్కాలి, లేదా నిజామాబాద్‌లో మీటర్‌గేజి రైలెక్కి మన్మాడ్‌లో మారాలి. బొంబాయి పక్కనున్న భివండీ మగ్గాల కోసం సిరిసిల్ల పద్మశాలీలు అప్పటికే తొక్కిన దారి కాబట్టి బొంబాయి వీళ్లకు పరాయి ఊరు కాదు. తర్వాత హైదరాబాద్ నుంచే గల్ఫ్‌కు విమానాలు పెరిగి ఆ తిప్పలు తప్పాయి. అంతలో 2008 మార్చి 23న విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారింది. సిద్దిపేట, శామీర్‌పేట మీదుగా వచ్చేవాళ్లకు బేగంపేట నగరంలో ఇవతలి పక్క. శంషాబాద్ అవతలి కొస. దేశానికి గొప్పగా కనిపించిన మార్పు ఉత్తర తెలంగాణకు దూరం పెంచింది. ఔటర్ రింగ్‌రోడ్డు వచ్చాకే ఆ భారం కొంత తగ్గింది.

రైలు వచ్చింది కదా అనవచ్చు. పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు పి.వి. నరసింహారావు 1993లో శంకుస్థాపన చేస్తే 177 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 2017 అయింది. కోరుట్ల, మెట్‌పల్లికి స్టేషన్లు దక్కాయి, సంతోషమే. కానీ ఆ పట్టాలు తూర్పు పడమరలుగా సాగుతాయి, హైదరాబాదేమో దక్షిణాన ఉంది. నిజామాబాద్ చుట్టి వెళ్లేకన్నా బస్సే నయమని జనం తేల్చుకున్నారు.

ఇక్కడే ఒక విమానాశ్రయం కడితే పోలేదా అన్నది మరో వాదన. రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌కు 1980లలో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలు నడిపింది, నిలవలేదు. ఇప్పుడు నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లిలో కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అక్కడి నుంచి నేరుగా దుబాయ్‌కి విమానం రానంతవరకు అది హైదరాబాద్‌కు ఇంకో టికెట్టే. అప్పు చేసి వీసా కొనుక్కున్న మనిషి ఆ ఖర్చు పెట్టడు.

అసలు కావలసింది హైదరాబాద్ వైపు సాగే కొత్తపల్లి–మనోహరాబాద్ లైను. 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది; 2023 అక్టోబరులో రైలు సిద్దిపేట చేరింది. సిరిసిల్ల, వేములవాడల మీదుగా అది కొత్తపల్లిలో పెద్దపల్లి–నిజామాబాద్ లైనును కలిస్తే కోరుట్లకు రాజధాని దారి సూటిగా తెరుచుకుంటుంది. సికింద్రాబాద్‌లో దిగి మళ్లీ నగరం దాటాల్సిందే, నిజమే. అయినా పెద్ద దూరం పట్టాల మీద చవకగా గడుస్తుంది. విమానాశ్రయం కోసం వినతిపత్రాలిచ్చే నాయకులను ఓటర్లు ముందు ఈ లైను సంగతి అడగాలి.