జామ్ ముక్క పడేంత ఎత్తు

2014 ఏప్రిల్లో నేను ఆన్‌సైట్ పనిమీద గ్లాస్గోలో ఉన్నాను. ఆ నెలలో ఆఫీసు కాఫీ మెషిన్ దగ్గర ఒకటే చర్చ. వేసవిలో జరగబోయే కామన్వెల్త్ క్రీడల ప్రారంభోత్సవంలో భాగంగా, ఊళ్ళో ఉన్న రెడ్ రోడ్ టవర్లలో ఐదింటిని పేల్చి కూలగొట్టి, ఆ దృశ్యాన్ని స్టేడియంలో పెద్ద తెరమీద లైవ్‌గా చూపిస్తామని నిర్వాహకులు ప్రకటించారు. మారుతున్న గ్లాస్గోకి అది గుర్తు అట. ఆరో టవర్‌ని మాత్రం ముట్టుకోరు. అందులో వేరే దేశాల నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి ఆశ్రయం కోరినవాళ్ళు ఇంకా కాపురం ఉంటున్నారు. పక్క టవర్లు కూలుతుంటే లోకమంతా చప్పట్లు కొట్టడం వాళ్ళు కిటికీలోంచి చూడాలన్నమాట. 17 వేల మందికి పైగా వద్దని సంతకాలు పెట్టారు. పది రోజులు తిరిగేసరికి ఆ ఆలోచన మానుకున్నారు.

మా టీమ్‌లో టెస్టింగ్ చూసే ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. ఆయన చిన్నప్పుడు ఉన్నది రెడ్ రోడ్‌లోనే అని ఆ గొడవ వల్లే తెలిసింది. "ఆ పిచ్చి టవర్లు పోతే పోనీ, కానీ అది నా చిన్నతనం కదా, దాన్ని షో చేస్తారా" అన్నాడు. ఆ సాయంత్రం పబ్బులో రెండో గ్లాసు తర్వాత ఒక పాట ఎత్తుకున్నాడు. పక్క బల్లలవాళ్ళు కూడా కలిశారు. నాకు సగం మాటలు అర్థం కాలేదు. రూముకి వెళ్ళి వెతికితే తెలిసింది, ఆ పాట టవర్లని తిట్టే పాట! తన టవర్ పోతోందన్న బెంగతో, టవర్లని ఎద్దేవా చేసే పాట పాడాడు ఆయన. ఈ తికమక నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు. ఈ వ్యాసం దాన్ని విప్పుకునే ప్రయత్నమే.

ఆ పాట పేరు 'ది జీలీ పీస్ సాంగ్'. రాసింది ఆడం మెక్‌నాటన్ అనే గ్లాస్గో బడిపంతులు, 1967లో. జీలీ అంటే జామ్. పీస్ అంటే అక్కడి మాటలో బ్రెడ్డు ముక్క, మన ముక్కే. పాత నాలుగంతస్తుల ఇళ్ళ వెనక పెరట్లో పిల్లలు ఆడుకునేవాళ్ళు. ఆకలేస్తే ఇంటికి వెళ్ళే పనిలేదు. కిందనుంచి అమ్మని కేకేస్తే, ఆవిడ జామ్ రాసిన బ్రెడ్డు కాగితంలో చుట్టి కిటికీలోంచి కిందకి విసిరేది. ఇప్పుడు ఆ కుటుంబాన్ని ఊరి చివర కాసిల్‌మిల్క్‌లో పంతొమ్మిదో అంతస్తుకి మార్చారు. అమ్మ విసిరిన ముక్క కిందకి రాదు. ఒకటి గాలికి పైకే పోతుంది. ఇంకొకటి విమానానికి తగులుతుంది. పిల్లాడు చిక్కిపోతున్నాడు. చివరికి పిల్లలంతా ఆక్స్‌ఫామ్‌కి ఉత్తరం రాసి, ముక్క విసరగలిగే ఎత్తుని మించి ఇళ్ళు కట్టకూడదని ఊరి నడిబొడ్డున జార్జ్ స్క్వేర్‌కి ఊరేగింపు తీస్తామంటారు.

నవ్వొస్తుంది. కానీ నాకు ఇంజనీరుగా ఆ డిమాండ్ చాలా గట్టిదనిపిస్తుంది. ఇల్లు ఎంత ఎత్తుండాలి అన్న ప్రశ్నకి కొలబద్ద ఏమిటి? స్థలం ధర, లిఫ్టు ఖర్చు, ఎకరానికి ఎంతమంది అని లెక్కలేస్తాం. అమ్మ గొంతు, అమ్మ చెయ్యి ఎంతదూరం చేరతాయి అన్నది కూడా ఒక కొలతేనని ఆ పిల్లాడు చెబుతున్నాడు.

అయితే ఆ పాత ఇళ్ళు ఎలాంటివో చూడకుండా ఈ మాటకి తలూపేస్తే మోసపోతాం. టెనెమెంట్ అంటే రాతితో కట్టిన నాలుగంతస్తుల భవనం. వీధిలోంచి లోపలికి 'క్లోజ్' అనే ఉమ్మడి నడవా, అక్కణ్ణుంచి పైకి రాతిమెట్లు. 'సింగిల్ ఎండ్' అంటే ఒకే గది, వంట, పడక, పురుడు, చావు అన్నీ అందులోనే. కాస్త మెరుగైనవాళ్ళకి ఒక గదీ వంటగదీ. గోడలో గూడులా తొలిచిన చోట మంచం, దాని కిందకి చక్రాల మీద తోసే ఇంకో మంచం, పగలు లోపల, రాత్రి బయట. మరుగుదొడ్డి మెట్ల మలుపులో, ఒకటే, పక్కవాళ్ళతో కలిపి. 1951లో కూడా గ్లాస్గో ఇళ్ళలో సుమారు సగం ఒకటి రెండు గదులవే. క్షయ ఎంత ఉండేదంటే, 1957లో ఐదు వారాల పాటు ఊరంతటికీ ఎక్స్‌రేలు తీసే కార్యక్రమం పెడితే 7 లక్షల మందికి పైగా వచ్చారు.

అందుకే కూల్చారు. ఊరికే కాదు. 1945లోనే రాబర్ట్ బ్రూస్ అనే సిటీ ఇంజనీరు ఒక రిపోర్టు ఇచ్చాడు. మురికివాడలతో ఆగలేదు ఆయన. సెంట్రల్ రైల్వే స్టేషను, మునిసిపల్ భవనం, ఆర్ట్ స్కూలు, అన్నీ తీసేసి నగరకేంద్రాన్ని మొత్తం కొత్తగా కడదామన్నాడు. (పాత కోడ్ అర్థం చేసుకోలేక మొత్తం తిరగరాద్దాం అనే ఆర్కిటెక్టులు మా రంగంలోనూ ఉన్నారు. వాళ్ళకి ప్రమోషన్లు కూడా వస్తాయి.) అదంతా జరగలేదు గానీ, 1957 నుంచి 29 ప్రాంతాలని ఎంచి పడగొట్టి కట్టే పని మొదలైంది. మొదటిది గోర్బల్స్. అక్కడ బేసిల్ స్పెన్స్ గీసిన భారీ కాంక్రీటు భవనాలు 1965లో లేచాయి, 1993లో కూలాయి. ముప్పై ఏళ్ళు కూడా నిలవలేదు. కూల్చేటప్పుడు శిథిలం తగిలి చూడ్డానికొచ్చిన ఒకావిడ చనిపోయింది.

ఈ కూలిన వీధుల మీద పుట్టింది గ్లాస్గో బాల్యస్మృతుల సాహిత్యం. అందులో బాగా అమ్ముడుపోయినవాటిలో ఒకటి నటి మోలీ వియర్ 1970లో రాసిన 'షూస్ వర్ ఫర్ సండే'. 1910లో స్ప్రింగ్‌బర్న్ అనే పేటలో పుట్టింది ఆవిడ. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో పోయాడు. తల్లి పనికి వెళ్ళేది, పెంచింది అమ్మమ్మ. ఆ పుస్తకంలో పేదరికం ఉంది, దైన్యం లేదు. అమ్మమ్మ ఇల్లు తుడిచినా, వంట చేసినా అది ఒక వైభవంలా కనిపిస్తుంది.

స్ప్రింగ్‌బర్న్ అంటే రైలింజన్లు. నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ కార్ఖానాలు ఆ పేటలోనే. తయారైన ఇంజన్లని ఊరి వీధుల్లోంచే లాక్కుంటూ రేవుకి తీసుకెళ్ళి, క్రేనుతో ఓడలోకి ఎక్కించేవారు. పిల్లలు వెంట పరిగెత్తేవాళ్ళు. 1950లో మన రైల్వేలకి వచ్చిన డబ్ల్యూజీ గూడ్సు ఇంజన్లలో తొలివిడతవి అలా వచ్చినవే. మా తాతయ్య ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరయ్యాడు. డబ్ల్యూజీల గురించి, ఇంట్లో పెంచుకున్న ఎద్దు గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆయన నాస్టాల్జియా, స్ప్రింగ్‌బర్న్ పిల్లల నాస్టాల్జియా ఒకే ఇనుము చుట్టూ తిరిగాయని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఆ కంపెనీ 1962లో మూతపడింది. వీధుల్లో ఎక్కువ భాగం తర్వాత పెద్ద రోడ్డు కిందకి పోయాయి.

మోలీ వియర్‌కి పక్కన పెట్టి చదవాల్సిన పుస్తకం రాల్ఫ్ గ్లాసర్ 'గ్రోయింగ్ అప్ ఇన్ ద గోర్బల్స్', 1986లో వచ్చింది. వలస యూదు కుటుంబం. ఆరేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రికి జూదం. పద్నాలుగేళ్ళకి బడి మానేసి పనిలో చేరాడు. రాత్రిళ్ళు చదువుకుని, స్కాలర్‌షిప్ వస్తే ఆక్స్‌ఫర్డ్ దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాడు. అదే రాతి ఇళ్ళు, అవే మెట్లు, కానీ ఆ పుస్తకంలో మెట్ల మీద వాసన వస్తుంది. రెంటిలో ఏది నిజం అని అడగడం తెలివితక్కువ. కానీ ఒక తేడా గమనించాను. మోలీ వియర్‌కి కిటికీ దగ్గర ఒక మనిషి ఉంది. గ్లాసర్‌కి లేదు.

అక్కడే నాకు ఈ స్మృతులన్నిటిలోని గుడ్డిమచ్చ కనిపించింది. ఇవన్నీ పెరట్లో నిలబడి పైకి చూసినవాళ్ళు రాసినవి. కిటికీలోంచి కిందకి చూసినవాళ్ళు రాసినవి దాదాపు లేవు. బొగ్గుబకెట్టు నాలుగంతస్తులు మోసింది, ఉమ్మడి చాకిరేవు గదిలో వంతు కోసం తెల్లారగట్ల లేచింది, మలుపులో దొడ్డి కడిగింది వాళ్ళు. ముక్క పిల్లాడికి ఆకాశంలోంచి పడింది. ఆవిడకి అది ఇంకో పని, బహుశా ఆ రోజు నలభయ్యోది. మా టెస్టింగ్ పెద్దాయన చెప్పాడు, రెడ్ రోడ్ ఫ్లాట్‌లోకి అడుగుపెట్టిన రోజు వాళ్ళమ్మ స్నానాలగది తలుపేసుకుని గంటసేపు బయటికి రాలేదట. ఏం చేస్తోందోనని తలుపుకి చెవి ఆనించి వింటే, కుళాయి తిప్పడం, కట్టెయ్యడం, మళ్ళీ తిప్పడం. వేడినీళ్ళు నిజంగానే వస్తున్నాయా అని. 'ముక్క విసిరే ఎత్తు' డిమాండు మీద ఆవిడ సంతకం పెట్టేదా? నేను అనుకోను.

అయితే వేడినీళ్ళకీ కిటికీకీ మధ్య ఒకటే ఎంచుకోవాలని ఎవరు చెప్పారు? ఈ కథలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. 1970ల మొదట్లో గోవన్ అనే ఓడల కార్మికుల పేటలో, రేమండ్ యంగ్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి, 'అసిస్ట్' అని ఒక చిన్న బృందంతో, టెనెమెంట్లని పడగొట్టకుండా బాగుచేసే పని మొదలుపెట్టాడు. ఆ వీధిలోనే ఒక దుకాణంలో ఆఫీసు పెట్టారు. ఏ ఇంటికి ఆ ఇంటివాళ్ళతో కూర్చుని బొమ్మ గీశారు. చిన్న ఇళ్ళలో స్నానాలగదికి చోటెక్కడ? గోడలో మంచం గూడు ఉంది కదా, అక్కడ. అంతే! నలుగురు పిల్లలు ఒత్తిగిలి పడుకున్న గూట్లో టబ్బూ కుళాయీ వచ్చాయి. 1974 చట్టంతో గ్రాంట్లు వచ్చాక ఊరంతా స్థానిక హౌసింగ్ అసోసియేషన్లు ఆ దారి పట్టాయి. ఇవాళ మిగిలిన టెనెమెంట్లు గ్లాస్గోలో మంచి గిరాకీ ఉన్న ఇళ్ళు. అంటే రాయిలో జబ్బు లేదు. జబ్బు పైపుల్లో, కిక్కిరిసిన గదుల్లో ఉంది. అప్పటికే పడగొట్టినవి ఎన్ని వేలో!

ఇక రెడ్ రోడ్. సామ్ బంటన్ గీసిన ఎనిమిది భవనాలు, పొడవైనవి 31 అంతస్తులు. 4,700 మంది కోసం. 1960ల రెండో సగంలో జనం చేరారు. ఉక్కు చట్రం, దాని చుట్టూ ఆస్బెస్టాస్. తర్వాత దాని కథ చెడిపోయిన లిఫ్టులు, భయాలు, ఖాళీ ఫ్లాట్లు, 2000 నాటికి శరణార్థులు. ఆండ్రియా ఆర్నాల్డ్ తీసిన 'రెడ్ రోడ్' సినిమా చూసినవాళ్ళకి ఆ చివరి రోజుల చీకటి తెలుసు. కానీ 2011లో ఆలిసన్ ఇర్విన్ అక్కడున్నవాళ్ళని పలకరించి రాసిన నవల 'దిస్ రోడ్ ఈజ్ రెడ్' వేరే సంగతి చెబుతుంది. ఆ టవర్లలోనూ పిల్లలు పెరిగారు. మెట్ల దారులు వాళ్ళ వీధులయ్యాయి, లిఫ్టు వాళ్ళ బండి అయింది. మా పెద్దాయనకి మేఘాలు కిటికీ కింద నుంచి పోవడం గుర్తు. గాలికి మరుగుదొడ్డిలో నీళ్ళు ఊగడం గుర్తు. వాళ్ళ నాన్నకి టెనెమెంట్ ఎంతో, ఆయనకి టవర్ అంత. పాట మాత్రం ఒకటే దొరికింది, అదే పాడుకున్నాడు. అమ్మ పైన ఉంది, నేను కింద ఉన్నాను అనే పాట ఎన్నో అంతస్తులో పుట్టినవాడికైనా సరిపోతుంది కాబోలు.

2015 అక్టోబరులో మిగిలిన ఆరింటినీ ఒకేసారి పేల్చారు. రెండు అనుకున్నట్టు కూలలేదు. మొండాలు ఒరిగి నిలబడ్డాయి. ఆయన నాకు ఫొటో పంపి, కింద ఏమీ రాయలేదు.

ఇప్పుడు నేనుండేది హైదరాబాదులో పద్నాలుగో అంతస్తులో. సాయంత్రం ఆరున్నరకి పాప పార్కు దగ్గర ఇంటర్‌కామ్‌లోంచి ఆకలి అంటుంది. పైకి రమ్మంటే రాదు. మా ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. డబ్బాలో బిస్కెట్లు వేసి లిఫ్టులో పెట్టి, జి నొక్కి, తలుపు మూసుకునేలోపు బయటికి వచ్చేస్తుంది. కింద పాప కాచుకుని ఉంటుంది. మొన్న ఏడో అంతస్తులో ఎవరో ఎక్కినట్టున్నారు. ఆరు వేస్తే మూడే వచ్చాయని మళ్ళీ ఇంటర్‌కామ్ మోగింది.