పండుగ బిళ్లలును వాటి తీపియు

డిసెంబరు మాసము వచ్చినంతనే అమెరికా దేశమున అనేక గృహములలో ఒక వేడుక జరుగును. గృహిణి ముందటి దినమున గోధుమపిండి, వెన్న, చక్కెర కలిపి ముద్దచేసి, పలుచగా ఒత్తి, నక్షత్రము, గంట, గొఱ్ఱెపిల్ల మొదలగు ఆకారములుగల రేకు అచ్చులతో కోసి కాల్చియుంచును. మరునాడు ఇరుగుపొరుగు పిల్లలను పిలుచును. వారు బల్లచుట్టు చేరి, మెత్తని చక్కెరపొడిని గుడ్డు తెల్లసొనతో కలిపి రంగువేసిన పూతతో ఆ బిళ్లలను అలంకరింతురు. కొన్ని బిళ్లలు అలంకారము ముగియకమునుపే నోటిలోనికి పోవును. అందుకు ఎవరును కోపపడరు. మన పల్లెలలో క్రిస్మసుకు ముందు నాలుగిళ్ల స్త్రీలు ఒకచోట చేరి అరిసెలు వండుకొనునట్టిదే ఇదియును. ఈ బిళ్లలకు అక్కడ కుకీలని పేరు. చిన్న కేకు అను అర్థముగల డచ్చి మాటనుండి ఆ పేరు పుట్టినది.

ఈ ఆచారపు వేళ్లు జర్మనీ దేశమున ఉన్నవి. నురెంబర్గు పట్టణముచుట్టునున్న అడవులలో తేనె సమృద్ధిగా దొరకుచుండెను. శొంఠి, లవంగము, దాల్చినచెక్క వెనీసు నగరపు వర్తకులద్వారా వచ్చుచుండెను. ఈ రెండును కలిసినచోట తేనెరొట్టె పుట్టెను. దీనినే జర్మనులు కొన్నిచోట్ల మిరియపు రొట్టె అందురు. ఆ మిరియము మన మలబారు తీరమునుండి ఓడలెక్కి పోయినదే. 1487లో మూడవ ఫ్రెడరిక్ చక్రవర్తి ఆ పట్టణమునకు వచ్చినప్పుడు, తన రూపము అచ్చువేసిన తేనెరొట్టెలను దాదాపు 4000 మంది పిల్లలకు పంచిపెట్టించెను. 1643లో ఈ రొట్టెలు చేయువారు ప్రత్యేక వృత్తిసంఘముగా ఏర్పడిరి.

పిమ్మట జర్మనులు అనేకులు పెన్సిల్వేనియాకు వలసపోయి, బొమ్మబిళ్లలు చేయు అలవాటును వెంట తీసికొనిపోయిరి. తగరపు పనివారు రేకును వంచి వారికి అచ్చులు చేసి యిచ్చుచుండిరి. 1842లో గుంటూరు వచ్చిన హయ్యరు అయ్యగారు ఈ పెన్సిల్వేనియా లూథరను సంఘములు పంపినవారే, పుట్టుకచేత జర్మనుడే.

అయితే అమెరికాలో అందరును క్రిస్మసును ఆదరింపలేదు. మసాచుసెట్సులోని ప్యూరిటనులు ఈ పండుగను ఆచరించువారికి 5 షిల్లింగులు జుల్మానా అని 1659లో చట్టము చేసిరి. 1681 వరకు అది చెల్లెను. వారి పొరుగునున్న కనెక్టికటులోనే, హార్టుఫర్డు పట్టణమున, 1796లో అమీలియా సిమన్సు అను స్త్రీ వంటల పుస్తకమొకటి అచ్చువేయించెను. అమెరికా స్త్రీ వ్రాసి అమెరికాలోనే ప్రకటించిన మొదటి వంటపుస్తకము ఇదేయని చెప్పుదురు. ముఖపత్రముమీద తన పేరు క్రింద ఆమె వేసికొనిన బిరుదు ఒక్కటే: అమెరికా అనాథ.

ఆ పుస్తకమున క్రిస్మసు కుకీ కలదు. మూడు పౌనుల పిండికి ఒక టీకప్పు ధనియాలపొడి, ఒక పౌను వెన్న, పౌనున్నర చక్కెర వేయవలెను. పొంగుటకు మన కాలపు వంటసోడా అప్పటికి లేదు గనుక, కట్టెల బూడిదనుండి తీసిన క్షారమును పాలలో కరగించి పోయవలెను. ధనియాలు చదివి మన గృహిణులు నవ్వుకొందురేమో. బిళ్లలు మొదట గట్టిగా నుండును. మట్టికుండలో పెట్టి చెమ్మగల గదిలో ఉంచినయెడల ఆరు నెలలకు మెత్తబడి మరింత బాగుండునని ఆమె చెప్పినది. ఆరు నెలలు పిల్లలకంట పడకుండ ఎట్లు దాచెనో మాత్రము చెప్పలేదు.

ఇక ఆ పౌనున్నర చక్కెర సంగతి. తేనె అడవినుండి వచ్చెను. చక్కెర అట్లు రాలేదు. ఆ కాలమున అమెరికాకును ఇంగ్లండుకును వచ్చిన చక్కెరలో మిక్కిలి భాగము కరీబియను ద్వీపములలో దాసులు పండించినది. ఆఫ్రికానుండి సంకెళ్లతో తెచ్చిన ఆ జనులు పగలు చెరకు నరికి, కోతకాలమున రాత్రులు గానుగలయొద్దను కాగుచున్న కొప్పెరలయొద్దను నిలువవలసియుండెను. అలసి ఆదమరచినవాని చేయి గానుగలో పడినచో ప్రాణము దక్కించుటకు ఆ చేతిని నరుకుటకు గొడ్డలి సిద్ధముగా ఉంచెడివారు. పండుగబల్లమీది తెల్లని పూత అంత దూరమునుండి, ఆ చేతులమీదుగా వచ్చెను.

1791లో దాసుల వర్తకమును మాన్పుటకు విల్బర్ఫోర్సు తెచ్చిన తీర్మానమును ఇంగ్లండు పార్లమెంటు త్రోసివేసెను. ఓటులేని స్త్రీలకు వంటిల్లు ఉన్నది. ఆ యేడే విలియం ఫాక్సు అనునతడు చిన్న పత్రిక వ్రాసి, ఆ చక్కెర కొనవద్దని ఇంటింటికి మనవి చేసెను. దాదాపు 3 లక్షలమంది దానిని విడిచిరని ఈ పోరాటములో ముందునిలిచిన క్లార్క్సను లెక్కవేసెను. సంగతి తెలిసికొన్న చిన్నపిల్లలు సహితము ఇంట అలవాటైన తీపిని ముట్టకపోయిరని అతడు వ్రాసినది నాకు ఆ లెక్కకంటె పెద్దదిగా తోచును. దాసుల వర్తకము 1807లో ఆగెను; దాస్యమును రద్దుచేయు చట్టము 1833లో వచ్చెను.

తరువాత కొందరు దాసులచేత చేయబడనిదని పేరు వ్రాసిన గిన్నెలలో ఇండియా చక్కెర పెట్టుకొనిరి. మంచి మనస్సుతోనే చేసిరి. కాని మన దేశమందును దాసులుండిరి. ఆ దాస్యమును గుర్తింపరాదను చట్టము ఇక్కడ 1843లోగాని రాలేదు.