పుంగనూరు మట్టిగుడిలో లాటిన్ పూజ

18వ శతాబ్దం తొలి ఏళ్లు. పాళెగాళ్ల ఏలుబడిలోని పుంగనూరు. కోడి కూసింది, తూర్పు ఇంకా తేరలేదు. ముందు నడిచేవాడి చేతిలో దివిటీ ఉంది, ఆ వెలుగు పట్టుకుని మీరూ రండి. మట్టిగోడలు, బోదకప్పు. చెప్పులు బయటే విడవండి. తల వంచితే గాని గడప దాటలేం. పేడతో అలికిన నేల చల్లగా తగులుతోంది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. చోటు చూసుకుని కూర్చోండి.

సాంబ్రాణి పొగకి కళ్లు చెమ్మగిల్లుతున్నాయి. పీఠం మీద దీపాలు, నడుమ సిలువ. పూజావస్త్రాలు వేసుకుని, మనకు వీపు పెట్టి నిలబడ్డ గురువు ఫ్రాన్సు నుంచి వచ్చిన జెస్యూట్, అంటే ఆ పేరుగల కథోలిక గురువుల సభవాడు. నిన్న వీధిలో ఎదురుపడితే సన్యాసి అనుకునేవారు. కాషాయం కడతాడు, తెలుగు మాట్లాడతాడు, మాంసం, చేపలు, గుడ్లు, మద్యం ముట్టడు. మదురైలో 1606లో అడుగుపెట్టిన మరో జెస్యూట్ రాబర్ట్ డి నొబిలి వేసిన బాట ఇది.

పూజ లాటిన్‌లో, మెల్లని గొంతుతో సాగుతోంది. ఒక్క ముక్క అర్థమయ్యేవాళ్లు ఇక్కడ లేరు. అయినా ఎవరూ ఊరికే కూర్చోలేదు. ఉపదేశి ఎత్తుకుంటే, సర్వేశ్వరుణ్ణి తలుచుకుంటూ తెలుగు జపాలు అందుకుంటున్నారు. గంట మోగింది. తలలన్నీ ఒక్కసారి వంగాయి. గురువు చేతుల్లో అప్పం పైకి లేచింది. తెలియని భాష మనుషుల్ని దూరం పెడుతుందంటారు. ఈ గుడిలో నాకలా అనిపించదు. ఆ భాష అందరినీ ఒకే దిక్కుకు తిప్పి మౌనంగా నిలబెట్టింది.

పూజయ్యింది కదా అని లేచి వెళ్లిపోకండి. పంచలో లేఖకుడు ఆ జపాలు రాసే పనిలో కూర్చున్నాడు. ఎడమచేతిలో తాటాకు, కుడిచేతిలో గంటం. ఎడమ బొటనవేలు గంటాన్ని ఆనుకుని ముందుకు నెడుతోంది. గీరిన చోట అక్షరం ఉందో లేదో తెలియదు. దీపపు మసి నూనెలో కలిపి పూసి, గుడ్డతో తుడిచాడు. ఆకు నిండా గుండ్రటి తెలుగు అక్షరాలు నల్లగా తేలాయి.

ఈ ఫ్రెంచ్ జెస్యూట్లు నడిపిన మతప్రచార కేంద్రాల పేరు కర్నాటక మిషన్. దాని గురువులు జపాలతో ఆగలేదు. జాన్ కాల్మెత్ 1730ల్లో పారిస్ రాజగ్రంథాలయానికి వేదాల ప్రతులు పంపించాడు. గాస్తోన్ కేర్దూ తెలుగు, ఫ్రెంచ్, సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాశాడు. ఆ మాటకు పేరుపడ్డ ఇంగ్లీషు పండితుడు విలియం జోన్స్ దాన్ని చెప్పింది 1786లో. రోజూ లాటిన్‌లో పూజ చేస్తూ, చుట్టూ తెలుగు, సంస్కృతాలు వింటూ బతికినవాడి చెవికి అది తట్టడంలో వింత లేదు. అదే శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ పేరుతో ప్రబంధంగా పాడాడు.

1773లో పోపు జెస్యూట్ సభనే రద్దు చేశాడు. యుద్ధాలకు, కరువులకు తాళలేక రాయలసీమ కథోలిక రెడ్డి కుటుంబాలు చాలా గుంటూరు సీమకు తరలిపోయాయి. జపాలు వాళ్ల వెంటే వెళ్లాయి. లాటిన్ పూజ మాత్రం 1962–65 నాటి రెండో వాటికన్ మహాసభ తర్వాత తెలుగుకు చోటిచ్చి తప్పుకుంది.

మన సాహిత్య చరిత్రలు ఈ పంచలో కూర్చున్న లేఖకుణ్ణి దాటేసి వెళ్లడం అన్యాయం. మీ ఇంట అటక మీద పాత జపాల పుస్తకమో తాటాకు కట్టో ఉంటే పారేయకండి. తిరుపతిలో తాళపత్రాలను కాపాడే ప్రాచ్య పరిశోధనాలయం ఉంది, తీసుకెళ్లి చూపించండి.