అడవికి పోయిన చదువు

2025 సెప్టెంబరు 13న హైదరాబాద్‌లో తెలంగాణ డీజీపీ ఒక పెద్దావిడను పత్రికల వాళ్ల ముందుకు తీసుకొచ్చారు. వయసు అరవై రెండేళ్లు. పోలీసు రికార్డుల్లో ఆమెకు కల్పన, సుజాత, మైనక్క అని రకరకాల పేర్లు. ఇంట్లో పెట్టిన పేరు పోతుల పద్మావతి. ఊరు గద్వాల జిల్లా గట్టు మండలంలోని పెంచికలపాడు. ఇంటర్ దాకా చదివి, 1982లో అజ్ఞాతంలోకి వెళ్లి, మావోయిస్టు పార్టీ కేంద్ర కమిటీ సభ్యురాలి స్థాయికి చేరి, నలభై మూడేళ్ల తర్వాత బయటికొచ్చింది. ఆరోగ్యం సహకరించడం లేదన్నారు. ఆమెను పట్టిచ్చిన వాళ్లకు ఇస్తామని ప్రకటించిన పాతిక లక్షల రివార్డు పునరావాసం కింద ఆమెకే అందింది.

ఢిల్లీకి, రాయ్‌పూర్‌కు అది ఒక పెద్ద నక్సలైటు లొంగుబాటు. నడిగడ్డ వాళ్లకు మాత్రం అది ఊరి మనిషి సంగతి. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఆ నేలలో 1970ల చివర హైస్కూలు దాటిన పిల్లలు కొద్దిమందే. వాళ్లలో ఒకరు ఏమయ్యారో ఆ రోజు దేశమంతా చూసింది. మిగతావాళ్ల గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హైస్కూళ్లలో, కాలేజీల్లో ఆ కాలంలో చదివిన పిల్లలు ఎన్నో దారుల్లో పోయారు. అందులో ఒక దారి అడవిలోకి పోయింది. ఆ దారిన పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ.

అప్పటి పాలమూరు, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఎట్లా ఉండేదో ఇవాళ్టి పిల్లలకు చెప్పాలి. రెండు నదులు పక్కనే పారుతున్నా పొలాలు ఎండేవి. రాజోలిబండ కాలువ కింద 87,500 ఎకరాలు పారాలని కాగితం మీద రాసుకున్నారు గానీ చివరి ఊళ్ల దాకా నీళ్లు సరిగా వచ్చిన ఏడు అరుదు. జూరాలకు శంకుస్థాపన జరిగిందే 1981లో. వానలు మొహం చాటేస్తే ఊళ్లోకి గుంపు మేస్త్రీ వచ్చేవాడు. చేతిలో అడ్వాన్సు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, మొగుడూ పెళ్లాలను లారీ ఎక్కించేవాడు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా తట్ట మోసింది పాలమూరు లేబరే. ఎన్ని రోజులు పని చేశారు, ఎంత అప్పు తీరింది, ఇంకా ఎంత ఉంది అనే లెక్క మేస్త్రీ దగ్గరే ఉండేది. అతను చెప్పిందే అంకె.

అలాంటి ఊళ్లో ఒక పిల్లవాడు పదో తరగతి పాసయితే వాడు ఊరందరికీ కన్ను. బొంబాయి నుంచి వచ్చిన కార్డు వాడే చదివి పెట్టాలి. పాసుపుస్తకంలో సర్వే నంబరు సరిగా పడిందో లేదో వాడే చూడాలి. మేస్త్రీ తెచ్చిన కాగితంలో మూడు వందలని రాశాడా, మూడు వేలని రాశాడా వాడే చెప్పాలి. అప్పుడు చదువంటే ఇంతే, ఇంత పెద్దది.

ఆ పిల్లలు చదువు కోసం చేరిన చోట్లు కూడా మామూలువి కావు. గద్వాలలో పెద్ద సోమభూపాలుడు కట్టించిన మట్టికోట లోపలే చెన్నకేశవస్వామి గుడి, దాని దగ్గరే మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ పెట్టారు, నెహ్రూ వచ్చి ప్రారంభించారు. ఒక తరం ముందు ఎవరి తాతలు ఆ గేటు బయట చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డారో, వాళ్ల మనవలు బూరుజుల నీడలో కూర్చుని ఆల్జీబ్రా చేసుకున్నారు. సంస్థానాలు పోయాక ఈ రెండు ఊళ్లకు దక్కిన అసలైన ఆస్తి అదేనని నా నమ్మకం.

ఎమర్జెన్సీ 1977లో ముగిసింది. రాడికల్ విద్యార్థి సంఘం పిల్లలను గ్రామాలకు తరలమన్నది. వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలు గుంపులుగా ఊళ్లకు పోయి, కూలి రేట్లు అడిగి, వెట్టి సంగతి రాసుకుని, రాత్రిళ్లు జననాట్యమండలి పాటలు పాడారు. తర్వాత మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్ వార్ 1980 ఏప్రిల్ 22న పుట్టింది. తన ఊళ్లో తట్ట మోసే అమ్మను, వేలిముద్ర వేసే నాయనను చూసిన పిల్లవాడికి ఆ మాటలు ఎంత లోతుగా దిగి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. వాళ్లు చదువుకున్నవాళ్లు కాబట్టే ఆ మాటలు వాళ్లకు తొందరగా అంటుకున్నాయి. బడి నేర్పిన లెక్కతో ఊరి అన్యాయాన్ని లెక్కగట్టారు. ఆ లెక్క తప్పు కాదు. జవాబుగా తుపాకి పట్టడం దగ్గర అంతా తప్పింది.

గట్టు మండలంలోనే మరో ఊరు కుర్తిరావులచెర్వు. పటేల్ సుధాకర్ రెడ్డిది ఆ ఊరే. పద్మావతికి వరుసకు అన్న. ఆమెను ఉద్యమం వైపు నడిపించింది అన్నలేనని పోలీసుల కథనం. ఆయనా కేంద్ర కమిటీ దాకా ఎదిగాడు. తిరుపతి అలిపిరిలో 2003 అక్టోబరు 1న చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద జరిగిన పేలుడుతో సహా ఎన్నో దాడులతో పోలీసులు ఆయన పేరు ముడిపెట్టారు. 2009 మే 24న వరంగల్ జిల్లా తాడ్వాయి దగ్గర లవ్వాల అడవిలో ఎన్‌కౌంటర్ జరిగిందన్నారు, అందులో ఆయన చనిపోయాడన్నారు. పట్టుకొచ్చి కాల్చారని పౌరహక్కుల సంఘాలు అన్నాయి. పద్మావతి భర్త మల్లోజుల కోటేశ్వరరావు, లోకం కిషన్‌జీ అని పిలిచిన మనిషి, 2011 నవంబరు 24న పశ్చిమ బెంగాల్‌లోని బురిషోల్ అడవిలో చనిపోయాడు. ఒక్క మండలంలోని రెండు ఊళ్ల నుంచి ఇద్దరు కేంద్ర కమిటీ సభ్యులు! ఊళ్లో ఉత్తరం చదవడానికి మనిషి దొరకని కాలంలో అక్కడ చదువుకున్న ఇద్దరి బతుకూ దండకారణ్యం దారి పట్టింది.

పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టుమచ్చలు అని ఒక వరుస ఉంటుంది. పరీక్ష ఫీజు కట్టే ముందు క్లాసు టీచరు ఒక్కొక్కరినీ పిలిచి, చొక్కా కాలర్ జరిపి, మోచేయి తిప్పి చూసి రాసుకునేవారు. ఎడమ చెంప మీద ఒకటి, కుడి అరచేతిలో ఒకటి. పిల్లలకు అది నవ్వులాట. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఎంతమంది తల్లులు ఆస్పత్రి మార్చురీ ముందు నిలబడి ఆ మచ్చలే చెప్పి కొడుకులను గుర్తు పట్టారో. పేరు మారిపోయి, గడ్డం పెరిగి, మనిషి రూపు పోయి వచ్చిన శవానికి ఇంటి మనుషుల దగ్గర మిగిలే గుర్తు అదొక్కటే.

యూనిఫాం వైపు నిలబడినవాళ్ల సర్టిఫికెట్ల మీదా అదే వరుస. కానిస్టేబుల్ ఉద్యోగానికి కావలసిన చదువు కూడా ఈ హైస్కూళ్లదే. 1993 నవంబరులో, ఇవాళ్టి నాగర్‌కర్నూల్ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల దగ్గర నక్సలైట్లు పెట్టిన మందుపాతర పేలి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు, ఆయనతో పాటు పలువురు సిబ్బంది చనిపోయారు. పోలీసు జీపు వెనక కూర్చునేది ఎవరు? నాలుగెకరాల మెట్ట అమ్మలేక, లారీ ఎక్కలేక, పరుగు పందెంలో నెగ్గి ఉద్యోగం తెచ్చుకునే రైతు కూలీ బిడ్డలు. అడవిలో వైరు పట్టుకుని కూర్చునేవాడిదీ అలాంటి ఇల్లే. ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చోదగిన పిల్లలు ఒకరి చావు కోసం ఒకరు కాచుకుని కూర్చున్న కాలమది. దీన్ని ఏ సిద్ధాంతంతో సమర్థించినా నాకు మింగుడు పడదు.

2005 ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని మావోయిస్టులు కాల్చి చంపారు. ఆయన కొడుకు, మరికొందరు కూడా ఆ కాల్పుల్లో పోయారు. నర్సిరెడ్డి కూతురు డి.కె. అరుణ గద్వాల కోడలు. గద్వాల నుంచి ఎమ్మెల్యేగా గెలిచింది, మంత్రిగా చేసింది, 2024లో మహబూబ్‌నగర్ ఎంపీ అయింది. అంటే గద్వాల ప్రాంతపు ఒక ఇంటి బిడ్డ ఏ పార్టీ కోసం బతుకంతా ఇచ్చిందో, ఆ పార్టీ తూటాలు గద్వాలలోనే మరో ఇంటి కోడలికి తండ్రినీ సోదరుడినీ ఒక్క రోజే లేకుండా చేశాయి. ఆ పంద్రాగస్టు తర్వాత తొమ్మిది రోజులకే ఇదే జిల్లాలో పౌరహక్కుల సంఘంలో పనిచేసే కనకాచారి అనే ఉపాధ్యాయుణ్ణి నర్సా కోబ్రాస్ అనే ముఠా పేరిట నరికి చంపారు. పిల్లలకు పాఠం చెప్పే మనిషి ఆయన. అంతకు ఏడాది కూడా కాలేదు, 2004 అక్టోబరులో హైదరాబాద్ మంజీరా గెస్ట్‌హౌస్‌లో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ నాలుగు రోజుల్లో నల్లమల అంచు ఊళ్లలో ఎంతమంది ముసలివాళ్లు పిల్లలు ఇంటికొస్తారని ఎదురు చూసి ఉంటారో. చర్చలు తెగిపోయాయి. ఆ అవకాశాన్ని పోగొట్టుకున్న తప్పు ఇరుపక్కల వాళ్లదీ, దానికి మూల్యం కట్టింది ఎవరి ఇళ్లు అంటే ఈ ఇళ్లే.

తర్వాత నల్లమల ఖాళీ అయింది. పార్టీ ఛత్తీస్‌గఢ్ లోపలికి జరిగింది. 2010 ఏప్రిల్ 6న తాడిమెట్ల దగ్గర 76 మంది జవాన్లను చంపింది. అక్కడి ఆదివాసీ పిల్లల బడులు మూతపడ్డాయి, కొన్ని బడి భవనాలను మావోయిస్టులే పేల్చేశారు, మరికొన్నింటిలో పోలీసులు దిగారు. బడిలో చదువుకునే అడవికి వచ్చిన మనుషుల పార్టీ బడిని కూల్చే స్థితికి రావడం కంటే పెద్ద పతనం నాకు కనిపించడం లేదు. వయసు మీద పడ్డ నాయకులకు మోకాళ్ల నొప్పులు, షుగర్, వెన్నుపూస. కొత్తగా తెలుగు నేల నుంచి వచ్చి చేరే విద్యార్థి లేడు. 2025 మే 21న అబూజ్‌మాడ్‌లో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ కేశవరావు చనిపోయాడు. ఆయనా వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజినీరింగ్ చదివిన విద్యార్థే. 2026 మార్చి 31 లోపు మావోయిస్టులే లేకుండా చేస్తామని కేంద్రం గడువు పెట్టింది. సెప్టెంబరులో పద్మావతి బయటికొచ్చింది. దాదాపు నెలకు, అక్టోబరు 14న, ఆమె మరిది మల్లోజుల వేణుగోపాల్ అరవై మందితో గడ్చిరోలిలో తుపాకి దించాడు.

పద్మావతి బయటికొచ్చిన నాటి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి. చదువుకున్నది వనపర్తిలో. 1969లో పుట్టినవాడు, పద్మావతి ఇల్లు విడిచినప్పుడు ఇంకా బడి పిల్లవాడు. కొన్నేళ్లు అటూ ఇటూగా ఒకే పాలమూరు కరువు కింద పెరిగిన ఇద్దరు విద్యార్థులు 2025లో రాష్ట్రానికి రెండు చివరల కనిపించారు. ఎన్నికల దారి మంచిదా, అడవి దారి మంచిదా అని తేల్చే ఉదాహరణగా దీన్ని చెప్పాలని నాకు లేదు. ఒకరికి పొరపాట్లు దిద్దుకుని మళ్లీ పోటీ చేయడానికి ఐదేళ్లకోసారి అవకాశం దొరికింది, ఇంకొకరు ఎంచుకున్న దారిలో అలాంటి మలుపు లేదు. అంతవరకే చెప్పగలను.

ఈ మధ్య ప్రతి హైస్కూలులోనూ పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు జరుగుతున్నాయి. ఫ్లెక్సీ మీద బ్యాచ్ సంవత్సరం, గురువులకు శాలువాలు, మధ్యాహ్నం బగారా అన్నం. ఒక్కొక్కరు మైకు పట్టుకుని ఏం చేస్తున్నారో చెబుతారు. టీచరు, ఎల్ఐసీ ఏజెంటు, బోర్ల కాంట్రాక్టరు, అమెరికాలో కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ ఏఈ. భోజనానికి ముందు చనిపోయిన మిత్రులకు రెండు నిమిషాల మౌనం. గుండెపోటుతో పోయినవాళ్ల పేర్లు చదువుతారు, కరోనాలో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. ‘లోపలికి పోయిన’ వాడి పేరు దగ్గరికొచ్చేసరికి చదివేవాడి గొంతు ఆగుతుంది. పైకి చదివితే ఎవరేమనుకుంటారో అన్న భయం ఇప్పటికీ పోలేదు. మందుపాతరలో పోయిన కానిస్టేబుల్ పేరును ఏటా అక్టోబరు 21న పోలీసు పరేడ్‌లో చదువుతారు గానీ బడిలో ఎవరూ చదవరు. ఈ రెండు పేర్లూ ఒకే కాగితం మీద, ఒకే గొంతుతో చదివే సమ్మేళనం ఒక్కటైనా గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో జరగాలని నా కోరిక. హత్యలు చేసినవాడిని మెచ్చుకోమని అడగడం లేదు. మీ క్లాసులో కూర్చున్నవాడు ఏమయ్యాడో దాచకుండా చెప్పమంటున్నాను.

ఇక పద్మావతి పుట్టిన గట్టు మండలం సంగతి అడిగితే, 2011 జనాభా లెక్కల్లో గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత 49.87 శాతం, రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ. అందులోనూ గట్టు ఇంకా వెనక. ఇప్పుడు అక్కడ లారీ ఎక్కే బాధ కొంత తగ్గింది గానీ విత్తనాల కోసం పండించే సీడ్ పత్తి వచ్చింది. క్రాసింగ్ రోజుల్లో సాయంత్రం చేలల్లోకి దిగి ఒక్కొక్క మొగ్గ విప్పి, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి ఆడ పువ్వుకు తాకించాలి. సన్నటి వేళ్లు కావాలని, కూలి తక్కువని పిల్లలను, మరీ ముఖ్యంగా ఆడపిల్లలను పిలుస్తారు. ఆ నెలల్లో బడి హాజరు పట్టీలో వాళ్ల పేర్లకెదురుగా వరసగా సున్నాలు పడతాయి. సార్లు ఇళ్లిళ్లూ తిరిగి బతిమాలి తీసుకొస్తారు, వారం గడిస్తే పిల్లలు మళ్లీ చేనుకు పోతారు. సీడ్ ఆర్గనైజరు తెచ్చిన అడ్వాన్సు కాగితం మీద వేసిన అంకె సరిగా ఉందో లేదో చూసి చెప్పే పదో తరగతి పిల్ల ఆ ఊళ్లకు ఇప్పటికీ కావాలి.