ఏ స్వభావానికి ఏ చదువు?

ఒకే గురువు దగ్గర ఒకే పాఠం విన్న ఇద్దరిలో ఒకడికి ఎక్కుతుంది, మరొకడికి ఎక్కదు. కారణం మనిషి తీరులోనే ఉందన్న అనుమానం చాలా పాతది. వాత ప్రకృతి వాళ్లు విన్నది చటుక్కున పట్టేస్తారనీ, వాళ్లకు జ్ఞాపకం మాత్రం తక్కువనీ చరక సంహిత విమానస్థానం చెబుతుంది. ప్లేటో ‘థియేటెటస్’లోనూ ఇలాంటి మాటే ఉంది. చురుగ్గా నేర్చేవాళ్లకు కోపం జాస్తి, నిలకడ తక్కువ. నిదానస్తులేమో చదువు దగ్గరికొచ్చేసరికి మందకొడి. క్రీ.శ. మొదటి శతాబ్దంలో రోమ్‌లో పాఠాలు చెప్పిన క్వింటిలియన్ మాత్రం సిద్ధాంతాల జోలికి పోలేదు. గురువు ముందుగా పిల్లవాడి స్వభావం కనిపెట్టాలన్నాడు. కొందరు వెంటపడితేగానీ కదలరు, కొందరికి అజమాయిషీ గిట్టదు, భయం ఒకణ్ణి అదుపులో పెడితే ఇంకొకణ్ణి కుంగదీస్తుంది. పంతులు అనుభవం మీద చెప్పిన ఈ నాలుగు ముక్కలూ తర్వాతి ఘనమైన సిద్ధాంతాలకన్నా గట్టివని నాకనిపిస్తుంది.

ఆ సిద్ధాంతాల్లో మొదట చెప్పుకోవలసింది స్పెయిన్ వైద్యుడు హువాన్ హువార్తేది. 1575లో బాయెసా పట్టణంలో అచ్చయిన తన పుస్తకంలో అతను గాలెన్ వైద్యంలోని వేడి, చలి, తేమ, పొడి గుణాలను మెదడుకు అన్వయించాడు. తేమ వల్ల ధారణ, పొడి వల్ల వివేచన, వేడి వల్ల ఊహ. తేమా పొడీ ఒకచోట ఇమడవు కాబట్టి, గొప్ప ధారణ ఉన్నవాడికి లోతైన తర్కం అబ్బడం కష్టమన్నాడు. భాషలు నేర్వడానికి, చట్టాలు వల్లెవేయడానికి ధారణ చాలు. తీర్పు చెప్పాలంటే వివేచన కావాలి. రోగికి వైద్యం చెయ్యాలంటే ఊహ కావాలి. అంటే వైద్యగ్రంథాలు కంఠస్థం చేసినవాడల్లా మంచి వైద్యుడు కాడన్నమాట. ఆ మాట ఒక వైద్యుడే అనడం విశేషం.

ఇందుకు సాక్ష్యంగా తన సహపాఠుల కథ ఒకటి చెప్పాడు. ముగ్గురు కలిసి లాటిన్‌లో చేరారు. ఒకడికి ఇట్టే వచ్చేసింది, మిగతా ఇద్దరూ చక్కగా నాలుగు మాటలు కూర్చలేకపోయారు. తర్కం మొదలయ్యేసరికి ఆ ఇద్దరిలో ఒకడు దూసుకుపోయాడు, లాటిన్‌లో మొనగాడు నోరు విప్పలేదు. జ్యోతిషం దగ్గరికొచ్చాక, అంతదాకా దేనికీ పనికిరాడనిపించుకున్న మూడోవాడు కొద్దిరోజుల్లోనే గురువును మించాడట. ఉన్నది ముగ్గురే, ఆ ముగ్గురినీ ఎంచుకున్నది రచయితే. అయినా తరగతి గదిలో కాస్త కాలం గడిపినవాళ్లెవరూ ఈ కథను కొట్టిపారెయ్యలేరు.

చిక్కల్లా తర్వాతి అడుగులో ఉంది. పరీక్షకులను నియమించి కుర్రాళ్ల బుద్ధి ఎలాంటిదో చిన్నప్పుడే తేల్చాలనీ, తగిన విద్య మాత్రమే చదివించాలనీ రెండో ఫిలిప్ రాజును కోరాడు. ఆడవాళ్ల ఒంట్లో చలీ తేమా ఎక్కువ కాబట్టి వాళ్లకు లోతైన చదువు రాదని కూడా రాశాడు. మనుషులను గదులుగా విడగొట్టడం మొదలుపెడితే కొన్ని గదులకు బయటినుంచి గడియ పడుతుంది. మత విచారణ సంస్థ పుస్తకాన్ని నిషేధిత జాబితాలో పెట్టింది, 1594లో కత్తిరింపులతో మళ్లీ వచ్చింది. ఆ ఏడాదే ఇంగ్లీషులోకి, 1752లో లెస్సింగ్ చేతుల మీదుగా జర్మన్‌లోకి వెళ్లింది.

ఇరవయ్యో శతాబ్దంలో తేమా పొడీ పోయి అంతర్ముఖులూ బహిర్ముఖులూ వచ్చారు. స్విస్ మనస్తత్వవేత్త యుంగ్ రాసిన ‘సైకలాజికల్ టైప్స్’ 1921లో వెలువడింది. మనుషులకు ముద్రలు కొట్టడం పిల్లల ఆటలాంటిదని ఆయన తర్వాత విసుక్కున్నాడు కూడా. అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్ 1923లో ఆ పుస్తకం ఇంగ్లీషులో చదివింది. కూతురు ఇసబెల్‌కు ఇంట్లోనే చదువు చెప్పిన తల్లి ఆవిడ. రెండో ప్రపంచయుద్ధ కాలంలో కూతురు ప్రశ్నావళి తయారుచేసింది, 1962లో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ దాన్ని ప్రచురించింది. యుంగ్ జంటలకు తోడు తల్లీకూతుళ్లు సొంతంగా మరో జంటను చేర్చారు: పనులు ముందే తెమల్చుకునేవాళ్లూ, చివరిదాకా తేల్చకుండా ఉంచుకునేవాళ్లూ. 1980 నాటి ‘గిఫ్ట్స్ డిఫరింగ్’లో ఇసబెల్ ఈ రకాలను చదువుకు ముడిపెట్టింది.

ఆపైన అభ్యాస శైలుల వరదే. కోల్బ్, హనీ–మమ్‌ఫర్డ్, న్యూజిలాండ్‌లో ఫ్లెమింగ్: ఎవరి పట్టిక వారిది. 2004లో బ్రిటన్‌లో కాఫీల్డ్ బృందం లెక్కపెడితే 71 నమూనాలు తేలాయి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు అమెరికన్ మనస్తత్వవేత్తలు సూటిగా అడిగారు. ఒక రకంవాళ్లకు ఒక పద్ధతి, రెండో రకంవాళ్లకు రెండో పద్ధతి మేలని పరీక్షలో తేలాలి కదా, తేలిందా? గట్టి సాక్ష్యం దాదాపు దొరకలేదు. అయినా మన నగరాల్లో వేలిముద్రలు చూసి పిల్లవాడి అభ్యాస శైలి చెబుతామనే కేంద్రాలకు గిరాకీ ఉంది. హువార్తే అడిగిన పరీక్షకులు ఇలా దిగారు, రుసుము వేరే.

అలాగని స్వభావానికి చదువుతో సంబంధమే లేదనలేం. 1997లో ఏడ్రియన్ ఫర్న్‌హామ్, అన్నా బ్రాడ్లీ పాప్ సంగీతం పెట్టి చదివించి చూస్తే, అంతర్ముఖుల గ్రహింపు దెబ్బతింది, బహిర్ముఖులకు అంత ఇబ్బంది కాలేదు. తర్వాతి ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదనుకోండి. గట్టిగా నిలిచిన ఫలితం ఇంకొకటి. 2009లో ఆర్థర్ పోరోపాట్ డెబ్బై వేల మందికి పైగా విద్యార్థుల లెక్కలు క్రోడీకరించాడు. మార్కులతో అన్నిటికన్నా ఎక్కువ సంబంధం కనిపించిన వ్యక్తిత్వ లక్షణం పని ఎగ్గొట్టకుండా, క్రమం తప్పకుండా చేసే గుణం. అంతర్ముఖుడా బహిర్ముఖుడా అన్నదానికి మార్కుల్లో పెద్దగా వాటా లేదు. మరి ఇసబెల్ ప్రశ్నావళిలో ఈ గుణానికి దగ్గరగా ఉన్న జంట ఏదని 1989లో మనస్తత్వవేత్తలు మెక్రే, కోస్టా అప్పటికే పోల్చి చూశారు. అది యుంగ్ చెప్పిన వాటిలో లేదు. తల్లీకూతుళ్లు సొంతంగా చేర్చినదే.