పాలమూరు నుంచి ఈడెన్‌కి మెట్లు లేవు

పోయిన నెల మహబూబ్‌నగర్‌లో మామూజాన్ ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక పిల్లలంతా చుట్టూ చేరారు. నల్లగొండలో ఇంటర్ చదివే నా భాంజా ఉన్నట్టుండి అన్నాడు: "నేను ఫుట్‌బాల్‌లోనే ఉంటా. ఫార్వర్డ్ ఆడతా. ఇంకే పనీ చెయ్యను." గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా ఆపా మాత్రం, "మరి రోటీ ఎవడు పెడతాడురా?" అంది. అందరి చూపూ మామూజాన్ మీదికి పోయింది. ఈ ఖాందాన్‌లో ఒకప్పుడు ఫార్వర్డ్ ఆడినవాడు ఆయనొక్కడే. ఆయన పాన్ నములుతూ, "హబీబ్ కూడా ఇదే అన్నాడు" అని ఊరుకున్నారు.

పిల్లలకు హబీబ్ ఎవరో తెలీదు. భాంజాకి మెస్సీ బూట్ల సైజు తెలుసు గానీ మొహమ్మద్ హబీబ్ పేరు తెలీదు. వాడిదేం తప్పు? మేం చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందు కొంచెం వెనక్కి పోవాలి. 'మైదాన్' సినిమా వచ్చాక సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మళ్లీ వినబడుతోంది, అల్‌హమ్దులిల్లాహ్. రహీం సాబ్ పేషా ఉస్తాద్‌గిరీ, స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఆయన తాలీమ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. రెండు చోట్లా కోచ్ ఆయనే. మరుసటి ఏడు, 1963లో, ఇంతెఖాల్ అయ్యారు.

ఆ పోలీస్ టీమ్‌లో నాకు కప్పుల కంటే పెద్దగా కనిపించేది ఇంకొకటుంది. గల్లీలో బంతి తన్నే గరీబ్ పిల్లవాడికి ఆ టీమ్ అంటే తన్‌ఖా. ఆట ఆడు, నౌకరీ ఉంటుంది, అమ్మీ చేతిలో నెలకింత పెట్టొచ్చు. హైదరాబాద్ ఫుట్‌బాల్ నిలబడింది ఆ తన్‌ఖా మీదే. రహీం సాబ్ హునర్ నేర్పారు, డిపార్ట్‌మెంట్ అన్నం పెట్టింది.

హబీబ్ 1949 జూలైలో హైదరాబాద్‌లో పుట్టాడు. ఇంట్లో అన్నదమ్ములంతా ఆటగాళ్లే. 1966లో, పదిహేడేళ్ల వయసులో, కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. మన హైదరాబాదే అయిన సయ్యద్ నయీముద్దీన్ కూడా అప్పటికి అటే నడిచాడు. పదిహేడేళ్ల లడకా, బెంగాలీ రాదు, చేప తినడం అలవాటు లేదు. అయినా ఆ ఊరు వాడిని 'బడే మియా' అని నెత్తిన పెట్టుకుంది. తమ్ముడు మొహమ్మద్ అక్బర్ వెనకే వెళ్లి 'ఛోటే మియా' అయ్యాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ హబీబ్ ఆడాడు. ఒక క్లబ్బు వదిలి దుష్మన్ క్లబ్బుకి పోతే రాళ్లు పడే ఊరది. పోయినచోటల్లా ఇజ్జత్ దొరికిందంటే, ఆ మనిషి మెహనత్ ఎలాంటిదో అనుకోండి.

1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో హిందుస్థాన్‌కు కాంస్యం వచ్చింది. కెప్టెన్ నయీముద్దీన్, ముందు వరసలో హబీబ్. మన ఫుట్‌బాల్‌కు ఏషియన్ గేమ్స్‌లో ఆ తర్వాత ఇప్పటిదాకా పతకం లేదు. 1976 కలకత్తా లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద అక్బర్ కొట్టిన గోల్ గురించి అక్కడి ముసలివాళ్లు నేటికీ జిక్ర్ చేస్తారు. ఉలగనాథన్ క్రాస్, హబీబ్ తల, అక్బర్ కాలు. ఆట మొదలై పదిహేడు సెకన్లు.

మామూజాన్‌కూ హబీబ్‌కూ ఏడాదో రెండేళ్లో తేడా. ఇద్దరూ ఫార్వర్డ్‌లే. మామూజాన్ జిల్లా టీమ్‌లో ఆడేవారు, పాలమూరు ఎండలో, రాళ్లు ఏరి చదును చేసుకున్న మైదాన్‌లో. ఒకసారి మీటర్ గేజ్ రైలెక్కి కాచిగూడలో దిగి, ఒక డిపార్ట్‌మెంట్ టీమ్ ట్రయల్స్‌కు వెళ్లారు. రెండు గోల్స్ కొట్టారట (మూడని మామీ అంటుంది, ఆమె చూడలేదు). "కబురు చేస్తాం" అన్నారు. ఆ కబురు నేటిదాకా రాలేదు. నానాజాన్ ఆరు నెలలు చూసి, తహసీల్ ఆఫీసులో గుమాస్తా పనిలో పెట్టించారు. బూట్లు చాలా ఏళ్లు సందూక్‌లో ఉన్నాయి.

ఇక 1977 సెప్టెంబర్ 24. న్యూయార్క్ కాస్మోస్ టీమ్‌ని వెంటబెట్టుకుని పెలే కలకత్తా వచ్చాడు. వారం తిరగకుండా ఆయన ఆఖరి మ్యాచ్. ఈడెన్ గార్డెన్స్ వానకి బురదబురదగా ఉంది. ఎదురుగా మోహన్ బగాన్. బ్రెజిల్ కార్లోస్ అల్బెర్టో ముందు గోల్ కొట్టాడు. శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ కొట్టాడు. పెలే ఉన్న టీమ్ మీద మన హైదరాబాద్ పిల్లవాడు తన టీమ్‌ని ముందుకు తెచ్చాడు! చివరికి ఒక పెనాల్టీతో కాస్మోస్ గట్టెక్కింది. 2-2.

ఆ పెనాల్టీ కొట్టిన ఫార్వర్డ్ పేరు జార్జో కినాలియా. ఇటలీవాడు. ఆ రోజు అందరూ పెలేనే చూశారు, నేను మాత్రం ఈ మధ్య ఇతని కథ చదువుతూ కూర్చున్నా. 1947లో కరారాలో పుట్టాడు, అంటే హబీబ్ కంటే రెండేళ్లు పెద్ద. తండ్రి బతుకుదెరువుకి వేల్స్ పోతే పిల్లవాడు అక్కడే పెరిగాడు. స్వాన్సీ క్లబ్బు 1966లో ఇతన్ని పనికిరావని వదిలేసింది. సరిగ్గా హబీబ్ కలకత్తా రైలెక్కిన ఏడాదే. మరి పనికిరానివాడు ఏం చేశాడు? సొంత ముల్క్‌కి తిరిగొచ్చి, పుట్టిన ఊరి పక్కనున్న మస్సా పట్నం టీమ్ మస్సేసేలో చేరాడు. అది మూడో దర్జా లీగ్, అక్కడ సెరీ సి అంటారు. ఒక ఏడు అక్కడ, రెండేళ్లు నేపుల్స్‌లో ఇంటర్‌నాపోలీ అనే మరో మూడో దర్జా టీమ్‌లో. 1969లో రోమ్‌లోని లాజియో తీసుకుంది. 1973-74లో 24 గోల్స్ కొట్టి ఆ క్లబ్బుకు మొట్టమొదటి లీగ్ టైటిల్ తెచ్చాడు.

ఇది చదివి నేను చాలాసేపు పుస్తకం మూశాను. మామూజాన్ కంటే కినాలియా గొప్ప ఆటగాడే అయ్యుంటాడు, కాదనను. కానీ ఒకచోట వద్దన్నాక కూడా ఆడుకుంటూ బతకడానికి అతనికి మూడేళ్లు దొరికాయి. చిన్న పట్నం, చిన్న టీమ్, నెలకింత, ఆదివారం మ్యాచ్. అక్కడ కాళ్లు గట్టిపడ్డాక పైమెట్టు. మామూజాన్‌కు మాత్రం పాలమూరు మైదాన్ తర్వాత హైదరాబాద్ డిపార్ట్‌మెంట్, అది కాకపోతే గుమాస్తా కుర్చీ. నడుమ ఏమీ లేదు. నల్లగొండలో కూడా అంతే, ఇవాళ కూడా ఇంచుమించు అంతే.

హబీబ్ సంగతి వేరు. ఆయన మెట్లు వెతకలేదు, ఎగిరి దూకాడు. ఆ కాలంలో బ్యాంకులూ రైల్వేలూ కంపెనీలూ ఆటగాళ్లకు పక్కా నౌకరీ ఇచ్చేవి. అందరూ పట్టుకున్నారు. హబీబ్ ఏ నౌకరీ పట్టుకోకుండా ఆట మీదే బతికాడు. హిందుస్థాన్ మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ని అనేది అందుకే. 1980లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పారు. ఆఖరి ఏళ్లలో పార్కిన్సన్స్, మతిమరుపు. 2023 ఆగస్టు 15న, జెండా పండగ నాడు, హైదరాబాద్‌లోనే కన్ను మూశారు. కలకత్తా పత్రికలు పేజీలు నింపాయి. మా గల్లీలో ఆ రోజు ఎవరూ ఆ మాటే ఎత్తలేదు. అల్లాహ్ మగ్‌ఫిరత్ చేయుగాక.

దావత్ రాత్రి ఇదంతా భాంజాకు చెప్పాను. వాడు ఫోన్‌లో 1977 మ్యాచ్ స్కోరు వెతికి మామూజాన్‌కు చూపించాడు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ఫోన్ తిరిగిచ్చేశారు.

"2-2 కాదు, 2-1. అది పెనాల్టీయే కాదు" అన్నారు. తర్వాత మా ఆపా వైపు తిరిగి, "వీడి బూట్లకి ఎంతవుతుందో అడుగు" అన్నారు.